స్ట్రాబెర్రీ జావ, మూడో బకెట్టు

మా ఇంటి ఇంజనీరమ్మకు,

మేస్త్రి రాయునది. ఇక్కడ నేనూ, నీ కొడుకూ క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, మూడు నెలలైనా నిండకుండానే ఇంటిల్లిపాదినీ ఆడిస్తున్న నా మనవడూ క్షేమమని తలుస్తాను. క్షేమం అన్న మాట ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన మూడు ఉత్తరాల్లో అలవాటు కొద్దీ రాసేశాను. ఆ తేడా ఏమిటో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ముందే చివరి పేజీ తిప్పకు. నీ సంగతి నాకు తెలియనిది కాదు.

ఈ ఉత్తరం ఒక్కదానివే కూర్చుని చదువుకో. ఫోన్లో చెబుదామంటే అమ్మాయి స్పీకర్ పెడుతుంది. వెనక నుంచి అల్లుడు "బాగున్నారా మామయ్యా" అంటాడు, నేను "బాగున్నాను బాబూ" అంటాను, ఈలోగా పిల్లాడు ఏడుస్తాడు, అందరూ వాడి మీద పడతారు. చెప్పాల్సింది నా నోట్లోనే ఉండిపోతుంది.

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు నువ్వు పళ్ళు నూరుతూ ఉంటావు. ఆలస్యానికి కారణం కూడా ఇందులోనే ఉంది. నువ్వు నాలుగు ప్రశ్నలు వేశావు. పాలు పొంగించి పొయ్యి ఆర్పేసుకుంటున్నారా, పొద్దున్నే ఏం తింటున్నారు, మీ అక్షరాలు ఎందుకలా వంకర పోతున్నాయి, వాడూ మీరూ నిజంగా మాట్లాడుకుంటున్నారా. ఆఖరిది ముందు అడగాలనుకుని, నేను చిరాకు పడతానని ఆఖర్న పెట్టావు. నేనూ నీ వరసలోనే జవాబు చెబుతాను.

పాలు పొంగించలేదు. కానీ మొదటి వారం రోజూ ఒక ప్యాకెట్టు మిగిలిపోయేది. నేనొకటి తెచ్చేవాణ్ణి, వాడొకటి తెచ్చేవాడు. అంతకుమించి ఆ విషయం ఇప్పుడు అడగకు.

పొద్దున పూట సంగతి. మొదట్లో టీ, బిస్కెట్లతో లాగించాం. పదింటికల్లా పరంజా మీద కాళ్ళు తేలిపోయేవి. హోటల్లో తిందామంటే మన పని ఏడింటికి మొదలు, వాళ్ళు తలుపులు తీసేది ఏడున్నరకి. అప్పుడు నీ కొడుకు ఒక అట్టపెట్టె తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. నిండా రంగురంగుల చిన్న ప్యాకెట్లు. ఓట్స్ జావట. ఒకటి చింపి గిన్నెలో వేసి వేడినీళ్ళో పాలో పోస్తే మూడు నిమిషాల్లో తయారు. స్ట్రాబెర్రీ, అరటిపండు, చాక్లెట్, ఆపిల్ దాల్చినచెక్క అని నాలుగు రుచులు. చవకగా వస్తుంది, కడుపు నిండుతుంది, గిన్నె ఒక్కటే కడుక్కోవాలి. మిగిలిపోయే పాలకి కూడా దారి దొరికింది.

నాకు మొదట నచ్చలేదు. జావ అంటే జ్వరం వచ్చినవాళ్ళు తాగేదని నా నమ్మకం. పైగా ఆ స్ట్రాబెర్రీ రంగు చూస్తే మనం పిల్లల గదికి వేసిన డిస్టెంపరే గుర్తొచ్చింది. కానీ ఆకలి ఎవరి మాటా వినదు కదా, ఒకటి చింపాను.

ప్యాకెట్టు వెనక ఏం రాసి ఉందో చదవలేదు. ముప్పై నాలుగేళ్ళుగా సిమెంటు మాలు కలుపుతున్నవాడికి గిన్నెడు జావ కలపడం ప్యాకెట్టు నేర్పాలా? పొడి గిన్నెలో కుప్ప పోశాను. నడుమ గుంట తీశాను. గుంటలో నీళ్ళు పోసి, అంచుల నుంచి పొడి లోపలికి తోసుకుంటూ చెంచాతో తిప్పాను. ఇసుకా సిమెంటూ అలాగే కలుస్తాయి. ఓట్స్ మాత్రం కలవలేదు. పైన గట్టి, అడుగున నీళ్ళు, మధ్యలో ఉండలు. చెంచా గుచ్చితే నిటారుగా నిలబడింది. పారబొయ్యడానికి మనసొప్పక తిన్నాను. మర్నాడు స్ట్రాబెర్రీ, చాక్లెట్ రెండూ కలిపి ప్రయోగం చేశాను. దాని గురించి రాసి నిన్ను భయపెట్టదలచుకోలేదు. ఆ గిన్నె కడగకుండా పనికి పోతే సాయంత్రానికి పట్టేసింది, పాత తాపీ పెట్టి గీకాల్సి వచ్చింది. కంగారు పడకు, అది నా గిన్నె, నీది కాదు.

నీ కొడుకు గట్టుకి అటువైపు నిలబడి ఇదంతా చూస్తూనే ఉండేవాడు. వాడు ప్యాకెట్టు చదివి, కప్పుతో పాలు కొలిచి, మూత పెట్టి, మూడు నిమిషాలు ఆగి తినేవాడు. వాడిది నున్నగా వచ్చేది. మాటలుంటే "అలా కాదు నాన్నా" అనేవాడే. మాటల్లేవు.

రాసేశాను కదా, ఇక దాచేదేముంది. అవును, మాటల్లేవు. నువ్వు బస్సెక్కుతూ, "నేనొచ్చేలోగా వాడితో మాట్లాడండి, ఆ ఇంట్లో రెండు మూగ గోడల మధ్య నేను ఉండలేను" అన్నావు. నేను సరేనన్నాను. మొదటి ఉత్తరంలోనే "మాట్లాడుకుంటున్నాం" అని రాశాను. రెండో దాంట్లో "బాగానే మాట్లాడుకుంటున్నాం" అని రాశాను. అసలు జరిగింది ఏమిటంటే యాభై మూడు రోజులు ఒక్క మాట లేదు. పని దగ్గర మైకు పిన్ని మా మధ్య వార్తాహరి. అదే, మాలు కలుపుతుందే, గొంతు వీధి చివరికి వినపడుతుందే, ఆవిడ. వాడు "ఇటుకలు అయిపోయాయని మేస్త్రిగారికి చెప్పు పిన్నీ" అనేవాడు. నేను వాడికి మూడడుగుల దూరంలో ఉండేవాణ్ణి. ఆవిడ ఆ మాటే మళ్ళీ నాకు చెప్పేది, ఊరందరికీ వినపడేలా. వాడు నన్ను నాన్నా అనడం మానేసి మేస్త్రిగారూ అనడం మొదలుపెట్టాడని అప్పుడే నాకు తెలిసింది. అది మింగుడు పడలేదు.

గొడవ ఎందుకొచ్చిందో నీకు తెలుసనుకుంటున్నావు. మందుల షాపాయన ఇంటి పనిలో, వెనక గోడ బాధ్యత మొదటిసారి వాడికి అప్పజెప్పాను. అది బాగా వస్తే పై అంతస్తు మొత్తం వాడి చేతికే ఇస్తానని మందుల షాపాయన అన్నాడు. మర్నాడు, అంటే నువ్వు బస్సెక్కిన రోజు పొద్దున, వెళ్ళి చూస్తే గోడ ఉబ్బింది. వరసలు జారాయి, సందుల్లోంచి మాలు కారింది. నీళ్ళెక్కువైతే అలాగే అవుతుంది. నేను ఆ ఇంటాయన ముందు, పదకొండు మంది కూలీల ముందు, "నీళ్ళతో కట్టావట్రా గోడ?" అని కాలితో తన్ని పడేశాను. ఇంతవరకే నీకు చెప్పాను. అప్పుడు కూడా నువ్వు వాడి పక్షమే మాట్లాడావు. తల్లివి కదా, అందుకని అనుకున్నాను.

ఇప్పుడు మూడో ప్రశ్న, నా వంకర అక్షరాలు. కలం బాగాలేదని రాశాను. కలం బాగానే ఉంది. చెబుతాను, భయపడకు. అయిపోయిన కష్టం గురించే చెబుతున్నానని గుర్తు పెట్టుకుని చదువు.

నువ్వెళ్ళిన యాభై మూడో రోజు పొద్దున, మామూలుగానే నేను ఆపిల్ దాల్చినచెక్క ప్యాకెట్టు చింపాను. అప్పటికి ఆ రుచి నాకు పడింది. ఆ రోజు పాలు మరిగించి స్టీలు గిన్నెలో పోసుకుని, ఎడమ చేత్తో చెంచా తిప్పుతూ, కుడిచేత్తో గిన్నె అంచు పట్టుకుని నిలబడ్డాను. బొటనవేలు లోపలికి, రెండు వేళ్ళు కిందికి. నీ కొడుకు పొయ్యి దగ్గర ఉన్నాడు. ఉన్నట్టుండి అరిచాడు.

"నాన్నా! గిన్నె వదులు! కాలుతోంది!"

నేను వాడి మొహం చూసి, "ఏం కాలుతోంది?" అన్నాను.

ఆ మాటతో దొరికిపోయాను. వాడు ఒక్క గెంతులో వచ్చి గిన్నె లాక్కుని సింకులో పడేశాడు. నా చెయ్యి నీళ్ళ కింద పెట్టాడు. బొటనవేలికీ, చూపుడువేలికీ, మధ్యవేలికీ బొబ్బలు లేస్తున్నాయి. నాకు మాత్రం ఎవరి చేతికో జరుగుతున్నట్టు ఉంది. వాడు ఒక్కో వేలూ గిల్లుతూ పోయాడు.

"ఇది తెలుస్తోందా?"

"లేదు."

"ఇది?"

"లేదురా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాకా అయింది."

నీకు గుర్తుందా, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పెళ్ళికొడుకులా ఇంతసేపేమిటని నువ్వు ఎగతాళి చేసేదానివి? గుండీ ఎక్కడుందో వేళ్ళకి తెలిసేది కాదు, చూసుకుంటూ పెట్టుకునేవాణ్ణి. తాపీ రెండుసార్లు చేతిలోంచి జారింది. చెమట వల్లేమో అనుకున్నాను. తర్వాత పక్షవాతం అనుకున్నాను. అలా అనుకున్నాక ఎవరికీ చెప్పలేకపోయాను. మేస్త్రికి వేళ్ళు పోతే ఇంకేం మిగులుతుంది చెప్పు? కుర్చీలో కూలబడి, మీ ఇద్దరి చేత నీళ్ళు తాగించుకుంటూ బతకడం ఊహించుకోవడానికే భయమేసేది. చెప్పకపోతే ఆ జబ్బు లేనట్టేనని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

వాడు నీళ్ళు కట్టేశాడు. తువ్వాలు చుట్టాడు. తర్వాత నా చెయ్యి వదలకుండానే, "అయితే ఆ రోజు ఇసుక కూడా నీకు తెలియలేదా?" అన్నాడు.

ఇది నీకు చెప్పని సంగతి. యాభై మూడు రోజులూ కడుపులో దాచుకున్నాను, వాడూ దాచుకున్నాడు. గోడ కట్టిన రోజు నేను దారిలో అక్కడ ఆగాను. వాడు మాలు కలపడానికి రెండు బకెట్ల నీళ్ళే పెట్టుకున్నాడు. ఆ కుప్పకి మామూలుగా మూడు పడతాయి. ఎందుకు తగ్గించావంటే, "ఇసుక లోపల తడిగా ఉంది నాన్నా, పట్టి చూడు" అన్నాడు. నేను పిడికెడు ఇసుక తీసి నలిపాను. నా వేళ్ళకి పొడిగానే తోచింది. "నాకు నేర్పుతావా?" అని నేనే మూడో బకెట్టెత్తి గుంటలో కుమ్మరించాను. అది కలవకముందే బండెక్కి రెండో పని దగ్గరికి వెళ్ళిపోయాను. మర్నాడు గోడ ఉబ్బింది. నేను తన్నాను. తన్నాక వాడు నా మొహంలోకి చూశాడు, అంతే, నోరు విప్పలేదు. ఆ క్షణాన నాకు బకెట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా నోరు మూసుకుని నిలబడ్డాను. నీతో ముప్పై ఏళ్ళ కాపురంలో నేను చేసిన పనుల్లో అంత నీచమైంది ఇంకొకటి లేదు.

"తెలియలేదురా. తడి నాకు తెలియలేదు" అన్నాను.

వాడు వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాడు. నీ కొడుకు ఏడవడం నేను చూసి పదిహేనేళ్ళయి ఉంటుంది.

"నువ్వు కావాలని పోశావనుకున్నాను. పై అంతస్తు నా చేతికి వస్తోందని, నేను నీ కిందే ఉండాలని, అందరి ముందూ నన్ను పనికిరానివాణ్ణి చేశావనుకున్నాను" అన్నాడు.

నేను కూడా పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నామో మొత్తం రాయలేను. కాసేపు తిట్టాడు. పడ్డాను. ఏడాది పాటు దాచినందుకు ఎక్కువ తిట్టాడు, బకెట్టుకి తక్కువ. ఆ తిట్లు వింటుంటే, నిజం చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఎప్పుడో లేచి రెండు ప్యాకెట్లు చింపి, కొలత ప్రకారం పాలు పోసి, రెండు గిన్నెలు తెచ్చాడు. నా గిన్నె నేల మీద పెట్టి, "చల్లారేదాకా ముట్టుకోకు" అన్నాడు. జావ అంత నున్నగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ రోజు పనికి పోలేదు. వాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మన అమ్మాయి వయసు. చేతిని తిప్పి చూసి, సూదితో గుచ్చి చూసి, ఏవో తీగలు తగిలించి పరీక్ష చేసింది. "ఏం పని చేస్తారు?" అంది. తాపీ మేస్త్రినన్నాను. "అదే మరి. పక్షవాతం కాదు, ఏమీ కాదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది. ఏళ్ళ తరబడి ఆ చెయ్యి అలా వంచి పని చేశారుగా. చిన్న ఆపరేషన్, పావుగంట" అంది. పక్షవాతం కాదు అన్న మాట ఆమె చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి చెబుతూ నవ్వింది. బయటికొచ్చాక మెట్ల మీదే కూర్చుని, ఆ మాట నాలుగోసారి వాడి చేత చెప్పించుకున్నాను.

ఆపరేషన్ అయి నాలుగు వారాలయింది. నీకు చెప్పకుండా చేయించుకున్నందుకు ఎంత తిట్టాలో అంతా తిట్టు, కానీ ఉత్తరంలో తిట్టు, ఫోన్లో వద్దు, అల్లుడు వింటాడు. నువ్వు పసిబిడ్డనీ బాలింతనీ వదిలి పరుగెత్తుకొస్తావని భయపడ్డాను. చెప్పొద్దని వాడితో కూడా ఒట్టేయించుకున్నాను, కాబట్టి వాణ్ణి ఏమీ అనకు. కుట్లు విప్పారు. బొబ్బలు మానాయి. వేళ్ళలో చీమలు పాకినట్టు ఉంటోంది. నరం మేలుకుంటోందని, పూర్తిగా తెలివి రావడానికి ఇంకొన్ని నెలలు పడుతుందని డాక్టరమ్మ అంది. మొన్న మధ్యవేలికి టీ గ్లాసు వేడి తగిలి చుర్రుమంది. అబ్బా అని అరిచాను. వాడు పరిగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, నాతో పాటు నవ్వాడు. ఈ ఉత్తరం రెండు రోజులుగా రాస్తున్నాను. చూడు, అక్షరాలు కాస్త తిన్నగా వస్తున్నాయి కదా?

చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళూ పొద్దున జావ వాడే కలిపాడు. నేను ఎడమ చేత్తో తిని చొక్కా నిండా పోసుకున్నాను. అందులో బలం ఉంటుందా అని నువ్వు అడుగుతావని డాక్టరమ్మనే అడిగాను. ఓట్స్ మంచివే కానీ ఆ రుచుల ప్యాకెట్లలో చక్కెర ఎక్కువ, సగం మామూలు ఓట్స్ కలుపుకోమంది. ఇప్పుడు అలాగే తింటున్నాం. నువ్వొచ్చాక కూడా వారానికి మూడు పొద్దులు నీకు వంటగది సెలవు. ఇది తండ్రీకొడుకుల ఉమ్మడి తీర్మానం, నీ సంతకం అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. వాడితో ఒప్పుకున్నాను, వాడు క్షమించాడు. "నాతో చెప్పావుగా, చాలు. ఇంకెవరితోనూ అనకు" అన్నాడు. నాకు చాలలేదు. వంటగదిలో ఒప్పుకున్నదీ పదకొండు మంది ముందు తన్నిందీ ఒకటెలా అవుతాయి? కట్టు విప్పాక, బుధవారం నాడు, మొదటిసారి పని దగ్గరికి వెళ్ళాను. మందుల షాపాయన కూడా వచ్చి ఉన్నాడు. అందరినీ పిలిచాను. రెండుసార్లు దగ్గాను.

"వెనక గోడ పాడైంది మావాడి వల్ల కాదు. మూడో బకెట్టు పోసింది నేను. ఇసుకలో తడి నా వేళ్ళకి తెలియలేదు. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు. తప్పు నాది, తన్ను వాడి గోడకి తగిలింది" అన్నాను.

తలెత్తి చూడలేకపోయాను. అప్పుడు మైకు పిన్ని, నేను ఎన్నడూ వినని చిన్న గొంతుతో అంది.

"మాకు తెలుసులే మేస్త్రీ. నువ్వు బకెట్టెత్తుతుంటే పక్కన పార పట్టుకుని నిలబడింది నేనే కదా."

"అందరికీ తెలుసా?"

"అందరం చూశాంగా."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ అనలేదేం?"

"మీ అబ్బాయి అననిస్తేగా! నువ్వు గోడ తన్ని వెళ్ళిపోయాక ఇంటాయన కూలీలెవరిదో తప్పని కేకలేశాడు. మేం చెప్పబోయాం. మీవాడు అడ్డం పడ్డాడు. 'గోడ నాది, తప్పు నాదే. మా నాన్న పేరు ఎవరైనా ఎత్తారంటే ఊరుకోను' అన్నాడు."

నేను కావాలనే వాడి పరువు తీశానని వాడు నమ్ముతున్న రోజులవి. అలా నమ్ముతూనే నా పేరు కిందపడకుండా పట్టుకున్నాడు. యాభై మూడు రోజులు నాతో మాట్లాడకుండా ఉండి, నా గురించి ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఇలాంటివాణ్ణి నువ్వు పెంచావు. నేను గోడలు మాత్రమే కట్టాను.

మందుల షాపాయన వాడి దగ్గరికెళ్ళి, "పై అంతస్తు ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడిగాడు. నీ కొడుకు అటు తిరిగి, "మాలు ఎండిపోతోంది, ఇటుకలందించేవాళ్ళు లేరా ఇక్కడ?" అని కసిరాడు. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగాడని అందరికీ తెలిసింది.

ఎవరూ కదల్లేదు. నేను వెళ్ళి ఇటుకల కుప్ప దగ్గర నిలబడ్డాను. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు చేసే పని అది. ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి అందించాను, వాడు అందుకుని పేర్చాడు. మధ్యాహ్నం దాకా అలాగే చేశాం. వాడు ప్రతి ఇటుకకీ "ఇటివ్వు నాన్నా" అంటూనే ఉన్నాడు.

ఇట్లు,
ఇటుకలందించే
నీ పెనిమిటి